ఇరవై నాలుగు అడుగుల ఇల్లు

క్రిస్మస్ సెలవులొస్తే అమెరికాలో కొందరు ఊరికి వెళ్లరు. ఇంటినే వెంట తీసుకెళతారు. పిల్లలూ, పెద్దలూ, కుక్కలూ... అందరూ అందులోనే!

డిసెంబరు మూడోవారం వచ్చిందంటే అమెరికా హైవేల మీద ఇళ్లు నడుస్తుంటాయి. నిజంగా ఇళ్లే! పికప్ ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించిన ట్రావెల్ ట్రైలర్లు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉంటాయి. ముందు ట్రక్కు కిటికీలోంచి మూతి బయటపెట్టి గాలి పీల్చే కుక్క సరేసరి. వీళ్లలో ఉత్తరాది మంచును భరించలేక దక్షిణాదికి వలసొచ్చే పెద్దవాళ్లు చాలామంది. వాళ్లకి 'స్నోబర్డ్స్' అని ముద్దుపేరు. టెక్సస్ దక్షిణపు కొసన ఉన్న రియో గ్రాండ్ వ్యాలీలో దిగేవాళ్లని 'వింటర్ టెక్సన్స్' అంటారు. అరిజోనాలో క్వార్ట్‌జైట్ అని చిన్న ఊరుంది. మామూలప్పుడు అక్కడుండేది కొద్ది వేల మందే. జనవరికల్లా ఆ ఊరి చుట్టూ ఎడారిలో ఎటు చూసినా ట్రైలర్లే.

మిగతావాళ్లు బడి సెలవుల బాపతు. దొరికిన రెండు వారాల్లో పిల్లల్నీ కుక్కల్నీ ఎక్కించుకుని బయల్దేరే మామూలు కుటుంబాలు. కరోనా తర్వాత ఈ గుంపు బాగా పెరిగింది. ట్రైలర్లూ, మోటారు ఇళ్లూ అన్నిటినీ కలిపి అక్కడ 'ఆర్వీ'లంటారు. 2021 ఒక్క ఏడాదిలోనే 6 లక్షలకు పైగా ఆర్వీలు ఫ్యాక్టరీల గడప దాటాయి. అందులో సింహభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాల్లో తయారైనవే. కొన్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

డాలస్ శివార్లలో ఉండే ఓ తెలుగు కుటుంబానిదీ అదే దారి. ఇంటాయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లాలు బడిలో లెక్కల టీచరు. పన్నెండేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు. ఎవరో వాడి అమ్మేసిన పాత ట్రైలర్ ఒకటి కొన్నారు. పొడవు 24 అడుగులు, వెడల్పు 8 అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే ఇరవై ఒక్క గజాలు! అందులో ముందువైపు తెరచాటున ఓ పెద్ద మంచం, వెనక ఒకదాని మీద ఒకటి రెండు చిన్న బెర్తులు, మధ్యలో భోజనాల బల్ల. రాత్రయితే ఆ బల్లను దించి దిండ్లు పరిస్తే అదో మంచం.

2023 డిసెంబరులో ఆ మధ్య మంచం పెద్దావిడకి ఇచ్చారు. ఇంటాయన తల్లి. ఊరు భీమవరం. భర్త పోయి రెండేళ్లయింది. ఆరునెలలు కొడుకు దగ్గర ఉందామని సెప్టెంబరులో వచ్చింది. ఆవిడకి మనవలంటే ప్రాణం. కుక్కలంటే మాత్రం దూరం. పొద్దున్నే స్నానం, దీపం, పూజ అయ్యేదాకా వాటి గాలి కూడా సోకకూడదు. ఇంట్లో ఉన్న మూడు నెలలూ ఓ ఒడంబడిక నడిచింది. కుక్కలు హాల్లో ఎక్కడైనా తిరగొచ్చు, వంటింటి గడప మాత్రం దాటకూడదు. ట్రైలర్‌లో అసలు గడపేదీ? వంటిల్లూ, హాలూ, పడకగదీ, దేవుడి మూలా అన్నీ ఆ ఇరవై ఒక్క గజాల్లోనే.

కుక్కలు రెండు. చిన్నదాని పేరు లడ్డు. ఏ జాతో చెప్పలేని రెండేళ్ల అల్లరిపిల్ల. పెద్దది బడ్డీ. పసుపురంగు లాబ్రడార్. కూతురు పుట్టడానికి ఏడాది ముందే ఇంట్లోకొచ్చింది. లాబ్రడార్లు పది పన్నెండేళ్లు బతుకుతాయంటారు, దానికి పదమూడు. నడుం పట్టేసింది. నవంబరులో పశువైద్యుడు రక్తం పరీక్ష చేసి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నాడు. ఈ చలికాలం గడిస్తే అదృష్టమేనన్నాడు. ఆ మాట మొగుడూపెళ్లాలకే తెలుసు. పిల్లలకి చెప్పలేదు.

అంత పెద్ద కుక్కని విమానంలో పక్కన కూర్చోబెట్టుకోనివ్వరు. హాస్టళ్లున్నాయి... కుక్కల హాస్టళ్లు. టీకాల కాగితాలు చూపించి, రోజుకింతని కట్టి వదిలేసి వెళ్లొచ్చు. కానీ రోజుకి మూడుసార్లు మాత్రలు మింగాల్సిన ముసలిప్రాణం, కొత్తచోట, కొత్తచేతుల్లో తింటుందా? తినకపోతే? ఇంటాయన ఆ ఆలోచనే పెట్టుకోలేదు. "అదీ వస్తుంది, ట్రైలర్ తీద్దాం" అన్నాడు. బడ్డీ మెట్లెక్కలేదు కాబట్టి ఓ చెక్కపలక కోయించి, పాత కార్పెట్ ముక్క అతికించి, తలుపు దగ్గర వాలుగా పెట్టేలా తయారుచేశాడు. పెద్దావిడకీ మోకాళ్ల నొప్పులే. "అమ్మా, నువ్వూ దీనిమీంచే ఎక్కు" అంటే ఒప్పుకోలేదు. "కుక్క నడిచే పలక మీద నేనెక్కడమేమిట్రా!" అని కమ్మీ పట్టుకుని మూడు మెట్లూ ఎక్కింది.

ముక్కోటి ఏకాదశికి గుడికి తీసుకెళ్లాకే బయల్దేరాలని ఆవిడ షరతు. అది తీరాక 23 తెల్లవారుజామున బండి కదిలింది. ట్రైలర్ నడుస్తుండగా మనుషులు అందులో కూర్చోవడం చాలా రాష్ట్రాల్లో నిషేధం. అందుకని ఐదుగురు మనుషులూ, రెండు కుక్కలూ పికప్‌లోనే. వెనకసీటు కింద నేల మీద బడ్డీ, మనవడి ఒళ్లో లడ్డు. పడమటి టెక్సస్ దారంతా ఎదురుగాలి. నూనెబావుల పంపులు తలలూపుతూ కనిపిస్తాయి తప్ప చెట్టు ఉండదు. మామూలుగా గాలన్‌కి 20 మైళ్లు ఇచ్చే పికప్ ట్రైలర్ తగిలిస్తే 10 మైళ్లకి దిగుతుంది. పక్కనుంచి లారీ దూసుకెళ్తే వెనక ట్రైలర్ తోకలా ఊగుతుంది. ఈ ఊపును ఆపడానికే కొక్కెం దగ్గర ప్రత్యేకంగా ఇనుప కడ్డీలు బిగిస్తారు. అయినా గంటకి 60 మైళ్లు దాటకుండా వెళ్లడమే తెలివైన పని.

మొదటి రాత్రి మోనాహన్స్ దగ్గర ఇసుకతిన్నెల పార్కులో ఆగారు. రెండోరోజు ఎల్ పాసో దాటి ఉత్తరానికి తిరిగాక 54వ నంబరు హైవే మీద సరిహద్దు పోలీసుల తనిఖీ. పెద్దావిడ పాస్‌పోర్టు తీసి చూపించింది. వాళ్ల కుక్క వీళ్ల కుక్కల్ని చూసింది. లడ్డు అరిచింది. బడ్డీ పట్టించుకోలేదు. సాయంత్రానికి న్యూమెక్సికోలో అలమొగోర్డో దగ్గర, శాక్రమెంటో కొండల పాదాన ఉన్న ఆలివర్ లీ స్టేట్ పార్కుకి చేరారు. డాలస్ నుంచి ఏడొందల మైళ్ల పైచిలుకు. కరెంటు, నీళ్లు ఇచ్చే జాగా ఒకటి దొరికింది. పక్క జాగాలో మిన్నెసొటా నుంచి వచ్చిన వృద్ధ దంపతులు. వాళ్లకీ ఓ కుక్క.

ట్రైలర్ అంటే ఫొటోల్లో కనిపించేది పొద్దు వాలే ఆకాశం, కాఫీ కప్పు, మడత కుర్చీ. చలికాలంలో దాని అసలు రూపం వేరు. అక్కడ అన్నీ కొలతే. మంచినీళ్ల ట్యాంకులో పట్టేది 40 గాలన్లు, అంటే 150 లీటర్లు. వేణ్నీళ్ల తొట్టి 6 గాలన్లే. ఇరవై రెండు లీటర్ల చిల్లర. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ధనుర్మాసం తలస్నానం చేసే పెద్దావిడకి అది ఒకసారికి సరి! మిగతావాళ్లు తొట్టి మళ్లీ కాగేదాకా దుప్పట్లోనే. వాడిన నీళ్లకో ట్యాంకు, మరుగుదొడ్డికో ట్యాంకు. అవి నిండితే గొట్టం తగిలించి పారబోసిరావాలి. చేతులకి తొడుగులు వేసుకుని కొడుకు ఆ పని చేస్తుంటే పెద్దావిడ చూసింది. "ఇంజనీరింగు చదివించింది ఇందుకట్రా?" అంది.

నీళ్లకి మించిన తంటా చలి. ఎడారి కదా వెచ్చగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఆ ప్రాంతం సముద్రమట్టానికి 4,000 అడుగుల ఎత్తున ఉంది. పగలు స్వెటర్ విప్పేయొచ్చు, రాత్రి నీళ్లు గడ్డకట్టిపోతాయి. బయట పైపు తగిలించి ఉంచితే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుంటుంది. అందుకని పొద్దుపోయేలోపు పైపు విప్పేసి ట్యాంకు నీళ్లు వాడతారు. లోపలి గొట్టాలకి వెచ్చదనం తగలాలని సింకు కింది తలుపులు తెరిచి పడుకుంటారు. గదిని వెచ్చబెట్టే ఫర్నేస్ ప్రొపేన్ గ్యాసుతో నడుస్తుంది. ముందు భాగంలో రెండు సిలిండర్లుంటాయి. ఒక్కోదాంట్లో 20 పౌండ్లు, అంటే 9 కిలోలు. మన ఇంట్లో 14.2 కిలోల సిలిండరు వారాల తరబడి వస్తుంది కదా! ఫర్నేస్ ఆగకుండా తిరిగితే ఆ 9 కిలోలు పద్నాలుగైదు గంటల్లో ఖాళీ. పోనీ కరెంటు హీటర్ పెట్టుకుందామా అంటే చిన్న హీటరే 1,500 వాట్లు లాగుతుంది. దానికి తోడు మైక్రోవేవ్, రైస్‌కుక్కర్ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం కావాలా, వెచ్చదనం కావాలా తేల్చుకోవాల్సిందే.

ఐదుగురు మనుషులు, రెండు కుక్కలు రాత్రంతా వదిలిన ఊపిరి పొద్దున్నకి కిటికీ అద్దాల మీద నీళ్లై కారుతుంది. చలికి భయపడి అన్నీ బిగించుకుంటే పరుపుల కింద బూజు పడుతుంది. ఎంత చలైనా కప్పు మీది గాలికిటికీ ఒక వేలెడు తెరిచి ఉంచాలి. ఇక అలారాలు! పొగకొకటి, కార్బన్ మోనాక్సైడ్‌కొకటి, గ్యాసు లీకుకొకటి. ప్రొపేన్ గాలి కంటే బరువు కాబట్టి గ్యాసు అలారాన్ని నేలకి దగ్గరగా పెడతారు. కుక్క వదిలిన గాలికి కూడా అది కూస్తుందని ట్రైలర్లవాళ్లు చెప్పుకుని నవ్వుకుంటారు. ఇక్కడ మాత్రం కూత పెట్టించింది పెద్దావిడ పోపు. ఎండుమిరపకాయలు, ఇంగువ నూనెలో పడగానే పొగ అలారం అందుకుంది. లడ్డు బల్లకిందికి దూరింది. పక్క జాగా పెద్దాయన మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఉత్తచేతుల్తో పంపడం బాగుండదని ఆయనకి ఓ గిన్నెడు పులిహోర ఇచ్చి పంపారు. ఆ తర్వాత పోపులన్నీ బయట చిన్న స్టవ్ మీదే.

మర్నాటి పొద్దున్న, క్రిస్మస్ రోజు, ట్రైలర్ ముందు నేల ఊడ్చి వరిపిండితో ముగ్గేసింది పెద్దావిడ. నెలగంట పట్టాక ముగ్గు లేకుండా ఆవిడకి ఎప్పుడూ తెల్లారలేదు. చక్కెరపొంగలి వండింది. అందరికీ పెట్టాక ఎవరూ చూడట్లేదనుకుని ఓ ముద్ద కాగితప్పళ్లెంలో వేసి బడ్డీ ముందుకి కాలితో తోసింది. అంతే, కోడలు కేకేసింది. "అయ్యో, వద్దండీ అత్తయ్యగారూ! కిస్‌మిస్ పడకూడదు దానికి!" ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా విషమే. ఈ సంగతి కుక్కల్ని పెంచుకునేవాళ్లంతా ఫ్రిజ్ మీద రాసిపెట్టుకోదగ్గది. కోడలు పళ్లెం లాగేసింది. పెద్దావిడ మొహం చిన్నబోయింది. మధ్యాహ్నం నుంచి మాత్రం చిన్న గిన్నెలో ఉప్పు లేని మెత్తటి అన్నం విడిగా వండటం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆ రాత్రే, అందరూ నిద్రపోయారనుకుని, తెర వెనక మొగుడూపెళ్లాలు గుసగుసగా మాట్లాడుకున్నారు. పిల్లలకి చెబుదామా వద్దా అని. ఇంటికెళ్లాక చెబుదామని ఒకరు, అప్పటిదాకా ఉండకపోతేనో అని ఒకరు. గోడలున్న ఇంట్లో గుసగుసలకి విలువుంటుంది. ట్రైలర్‌లో తెరకి నాలుగడుగుల దూరంలో పెద్దావిడ పడుకుని ఉంది. వెనక పైబెర్తు మీద కూతురు మేలుకునే ఉంది.

తెల్లవారుజామున మూడింటికి ఫర్నేస్ ఆగిపోయింది. గ్యాసు అయిపోయింది. రెండో సిలిండరు వాల్వు తిప్పడానికి ఇంటాయన టార్చి పట్టుకుని బయటికెళ్లాడు. ఆ పది నిమిషాల్లోనే లోపల ఊపిరి పొగలా కనబడటం మొదలైంది. కింది బెర్తు మీది పిల్లాడు లేచి దుప్పటితో సహా నానమ్మ మంచం మీదికొచ్చేశాడు. వాడి వెనకే అక్క. అక్క వెనక లడ్డు. చివరికి బడ్డీ కూడా. దాని వెనకకాళ్లు మంచమెక్కడానికి సాయం చేయలేదు. ముందుకాళ్లు మంచం మీద వేసి, గడ్డం పెద్దావిడ పాదాల దగ్గర ఆనించి నిలబడిపోయింది. కోడలు లేచి దాన్ని లాగబోయింది.

"ఉండనీ అమ్మాయ్" అంది పెద్దావిడ. "వణికిపోతోంది."

కోడలూ మనవరాలూ కలిసి నడుం కింద తువ్వాలు పెట్టి దాన్ని పైకెత్తారు.

చీకట్లో పిల్లాడు అడిగేశాడు. "నానమ్మా, బడ్డీ చచ్చిపోతుందా?" వాడికెవరు చెప్పారో తెలీదు. ఎవరూ చెప్పలేదేమో. రోజుకి మూడుసార్లు మాత్రలు వేస్తుంటే, నడవలేని కుక్కని ఎత్తుకుని తిప్పుతుంటే ఎనిమిదేళ్లవాడికి అర్థం కాదా? రెండేళ్ల క్రితం తాతయ్య పోయినప్పుడు ఆ పిల్లలిద్దరికీ నాలుగు రోజులు ఆలస్యంగా చెప్పారు. పెద్దావిడకి అది గుర్తుంది.

"పెద్దదైపోయిందిరా నాన్నా" అంది. "తాతయ్యలాగే. ఎన్నాళ్లుంటుందో డాక్టరుకీ తెలీదట. ఇవాళైతే ఉందిగా, కాళ్లు నీ దుప్పట్లో పెట్టుకోనీ."

కూతురు ఏడ్చింది. కోడలూ ఏడ్చింది. చేతులు కొంకర్లు పోయి తిరిగొచ్చిన ఇంటాయనకి ఏం జరిగిందో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఫర్నేస్ గరగరమని మళ్లీ అందుకుంది. మిగిలిన రాత్రి ఎవరి మంచాలకి వాళ్లు వెళ్లలేదు.

అక్కడికి దగ్గర్లోనే వైట్ శాండ్స్ నేషనల్ పార్కుంది. క్రిస్మస్ రోజున మూసేస్తారు కాబట్టి మర్నాడు వెళ్లారు. అమెరికా నేషనల్ పార్కుల్లో చాలావాటిలో కుక్కల్ని కాలిబాటల మీదికి రానివ్వరు. రానిచ్చే కొద్దివాటిలో ఇదొకటి, గొలుసు ఆరడుగులు మించకుండా ఉంటే చాలు. 275 చదరపు మైళ్ల జిప్సం దిబ్బలు. ప్రపంచంలో జిప్సం ఇసుక ఇంతగా ఉన్న చోటు మరొకటి లేదు. మామూలు ఇసుకలా వేడెక్కదు కాబట్టి కుక్కల పాదాలకీ హాయి. ఆ తెలుపు చూసి పెద్దావిడ ఓ నిమిషం మాట్లాడలేదు. "ఇంత ముగ్గుపిండి ఎవరు పోశారే తల్లీ!" అంది తర్వాత. కాస్త కొంగున కట్టబోతే మనవరాలు ఆపింది. నేషనల్ పార్కులోంచి పిడికెడు ఇసుక తీసుకెళ్లినా నేరమే.

ఆ నేలలోనే వేల ఏళ్లనాటి మనిషి అడుగుజాడలు బయటపడ్డాయి. ఒకచోట ఎవరో పసిబిడ్డని చంకనెత్తుకుని బురదలో కిలోమీటరు పైగా గబగబా నడిచివెళ్లిన జాడ ఉందని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మధ్యమధ్య బిడ్డని దించినచోట చిన్న పాదాలూ కనిపిస్తాయట. ఈ సంగతి కూతురు చదివి వినిపిస్తుంటే, తమ్ముడు మరో పనిలో ఉన్నాడు. పిల్లలు దిబ్బల మీంచి జారడానికి పార్కు దుకాణంలో ప్లాస్టిక్ పళ్లేలు అమ్ముతారు. అలాంటి పళ్లెంలో బడ్డీని కూర్చోబెట్టి, తాడుకట్టి, చదునునేల మీద లాక్కుపోతున్నాడు. ముసలికుక్క చెవులు వెనక్కి పెట్టి, మహారాజులా కళ్లు చికిలించి కూర్చుంది. లడ్డు చుట్టూ గంతులు. ఆ రోజు పౌర్ణమి. ఒకపక్క పొద్దు కుంకుతుంటే ఇంకోపక్క కొండల మీంచి చంద్రుడొచ్చాడు. గేటు మూసేవేళ అయిందని కాపలా బండి వచ్చి చెప్పేదాకా కదల్లేదు వాళ్లు.

1960లో జాన్ స్టెయిన్‌బెక్ తన చార్లీ అనే కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని క్యాంపర్ ట్రక్కులో అమెరికా అంతా తిరిగాడు. ఆ ప్రయాణం మీద రాసిన పుస్తకం 1962లో వచ్చింది. ఆయనకి నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. ట్రైలర్ల వాళ్లందరికీ ఆ కథ తెలుసు. అయితే ఆయనతో పిల్లలూ లేరు, మడి కట్టుకునే తల్లీ లేదు. చాలా సుఖంగా వెళ్లాడనే చెప్పాలి!

జనవరి 2న డాలస్ చేరారు. మర్నాడు ఇంటాయన ట్యాంకులు ఖాళీచేసి, గొట్టాల్లో గడ్డకట్టని గులాబీరంగు ద్రావణం ఎక్కించి ట్రైలర్‌ని అద్దె షెడ్డులో పెట్టేశాడు. ఇంట్లో వంటింటి గడప మళ్లీ అమల్లోకి వచ్చింది. కాకపోతే మెత్తటి అన్నం గిన్నె గడపకి ఇవతల, నేల మీద, రోజూ కనిపించేది. ఫిబ్రవరిలో పెద్దావిడ భీమవరం వెళ్లిపోయింది. బడ్డీ ఏప్రిల్ రెండోవారం దాకా ఉంది. చివరిరోజు పిల్లలిద్దరూ బడి మానేసి పక్కనే కూర్చున్నారు.

2024 నవంబరులో షెడ్డులోంచి ట్రైలర్ బయటికి తీశారు. లడ్డు లోపలికి దూకి నేరుగా బల్లకింద, బడ్డీ పడుకునే చోట ముడుచుకుంది. పలక గోడవారగా ఆనించే ఉంది. కార్పెట్‌లో పసుపువెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. ఇంటాయన ఫోన్లో తల్లితో మాట్లాడుతూ ఆ సంగతి చెప్పాడు. ఆవిడకి డిసెంబరు 10కి టికెట్టు తీసి ఉంది.

"ఇక దాంతో పనేముందమ్మా, తీసి పడేస్తాను" అన్నాడు.

"ఉంచరా అబ్బాయ్" అంది పెద్దావిడ. "ఆ మెట్లు నేనెక్కలేను."